సున్నా కూడా రాయాలి

రెండో ఆదివారం, ఇంకా చీకటుండగానే
గుంటూరు స్టేషన్లో బండెక్కుతాను.
ఉతికినా వదలని నా చొక్కా ఘాటుకి
పక్క సీటాయన రెండు తుమ్ములు తుమ్మి
"యార్డులోనా పని?" అంటాడు.

అవును. కాటా గుమాస్తాని.
వారమంతా మిరప టిక్కీలు తూస్తాను.
తేమకింత, తాలుకింత తరుగు తీసి
చీటీ మీద అంకె వేస్తాను.
రైతు నా మొహం చూడడు,
పెన్ను ఎటు తిరుగుతుందో అదే చూస్తాడు.

బాపట్లలో దిగితే ఆటో, ఆటో దిగితే సూర్యలంక.
జనం ఫొటోలు దిగే చోటు కాదు నాది.
సరుగుడు తోపు దాటాక
విరిగిన పడవ దగ్గర మొదలై
కాలవ మొగ దాకా
ఒకే ఒక్క కిలోమీటరు.
పట్టా లేదు, జీతం లేదు.
టేపు, పుస్తకం, ఎర్ర రంగు డబ్బా.

పోటు వదిలిన గీత వెంటే నడవాలి.
తాబేలు చచ్చి పడుంటే
డిప్ప కొలిచి, రంగు పూసి వదలాలి,
మళ్ళీ నెల దాన్నే లెక్కేయకుండా.
పొడవు అరవై ఏడు.
మెడ మీద వల కోత: ఉంది.
పీతలు తినేసిన కళ్ళకి
ఫారంలో గడి లేదు.

మొదటి నెల ఏమీ కనపళ్ళేదు.
కాగితం ఖాళీగా ఇస్తే
పని నేర్పిన సుజ్ఞానమ్మ గారు
(కాలేజీ ల్యాబులో ముప్పై ఏళ్ళు
సీసాలు తుడిచిన మనిషి)
వెనక్కి నా చేతిలోనే పెట్టింది.
"ఖాళీ అంటే నువ్వు వెళ్ళలేదని.
సున్నా అంటే వెళ్ళావు, నడిచావు,
చూశావు, లేవు అని.
సున్నా వెయ్యి నాయనా."

ఇంట్లో మెహరున్నీసా అంటుంది:
"ఆరు రోజులు మిరపకాయ, ఏడో రోజు నీచు.
నీకంటూ ఓ వాసన లేదా?"

మాఘంలో పదకొండు.
తొమ్మిదో దానికే రంగు అయిపోయింది.
తోపు నీడలో వల బాగుచేసుకుంటూ
పోతురాజు అప్పటికి మూడు నెలలుగా
నన్ను చూసి ఉమ్ముతున్నాడు.
ఆ రోజు లేచి వచ్చాడు.
"మా వలల మీదేగా రాసేది?"
అంకెలేనన్నాను.
"అంకెల్తోనేగా కేసులు కట్టేది.
తాబేలు పడితే చిరిగేది మా వల కాదా?
దాని ఖరీదు ఏ గళ్ళో రాస్తావ్?"

ఆ గడీ లేదు.
లేదనే చెప్పాను.

చాలాసేపు సముద్రం ఒక్కటే మాట్లాడింది.
తర్వాత బీడీ పారేసి
"ఇంకో రెండున్నయి. కంపు కొడతంటే
మొన్న పూడ్చేశా" అన్నాడు.
కంటితో చూడనిది రాయకూడదు, మా రూలు.
ఆ మాట అంటే తిడతాడనుకున్నా.
పార తెచ్చాడు.

ఇద్దరం తువ్వాళ్ళు ముక్కుకి కట్టుకుని
తడి ఇసక తోడాం.
రెండోది చిన్నది.
టేపు ఒక కొస నేను పట్టుకుంటే
అడక్కుండానే రెండో కొస అతను పట్టుకున్నాడు.
"యాభై తొమ్మిదేనా? సరిగ్గా చూడు" అన్నాడు,
అచ్చం నా కాటా ముందు
రైతు నిలబడి అన్నట్టే.

పదకొండు కొట్టేసి పదమూడు వేశాను.
కొట్టివేత పక్కన సంతకం పెట్టాలి.
నాది పెట్టి, పుస్తకం అతని వైపు తిప్పాను.
నవ్వాడు. వేలు కూడా ముందుకు చాపలేదు.
పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు.
కొన్నిసార్లు మూడు, ఓసారి అయిదు,
వానాకాలమంతా సున్నాలు.
ఆ సున్నాలు వేసేటప్పుడు మాత్రం
వెనక్కి తిరిగి మరోసారి చూసుకుంటాను,
గీత మొత్తం, తోపు దాకా.

సోమవారం యార్డులో
మొదటి టిక్కీ ఎక్కించక ముందు
ఖాళీ కాటా సరిచూడాలి.
హమాలీలు భుజాల మీద బరువుతో అరుస్తుంటారు,
"ఏందయ్యా మస్తానూ, ఏముందక్కడ?"

ఒక్క క్షణం ఆగమంటాను.
ఏమీ లేదు.
అదే చూస్తున్నా.